వీధిబడి నుంచి తరగతి గదికి: తోటి పిల్లల చేత చదువు చెప్పించే పద్ధతి – ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
– 19వ శతాబ్ది ఆరంభంలో తెలుగు ప్రాంతపు వీధిబడుల్లో బోధన ఎలా సాగిందో వివరించగలుగుతారు;
– ఆ బోధనలోని ఒక పద్ధతి ఇంగ్లండుకు వెళ్లి ఏ రూపం దాల్చిందో, అందుకు కారణాలేమిటో చెప్పగలుగుతారు;
– ఆ చరిత్ర నుంచి మీ తరగతి గదికి పనికివచ్చే సూత్రాలను గుర్తించి, అన్వయించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లో బృంద కృత్యాలు, తోటివారి ద్వారా అభ్యసనం, బహుళ తరగతి బోధన అనే మాటలు తరచుగా వినిపిస్తాయి. ఇవి ఎక్కడో పరాయి దేశంలో పుట్టి, శిక్షణ పుస్తకాల ద్వారా మన బడికి వచ్చాయని చాలామంది ఉపాధ్యాయులు అనుకుంటారు. అందుకే శిక్షణ శిబిరంలో తల ఊపినా, బడికి వెళ్లాక పాత దారినే నడుస్తారు. మరికొందరిది ఇందుకు పూర్తిగా భిన్నమైన అభిప్రాయం. మన పాత బడుల్లో అన్నీ సక్రమంగానే ఉండేవనీ, పరాయి పాలన వచ్చి చెడగొట్టిందనీ వారు భావిస్తారు. ఈ రెండు అభిప్రాయాలూ చరిత్ర ముందు పూర్తిగా నిలవవు.

తోటి పిల్లల చేత చదువు చెప్పించడం దక్షిణ భారతదేశపు బడుల్లో నిత్యం జరిగిన పని. అది ఇక్కడి నుంచే ఇంగ్లండుకు వెళ్లింది. అయితే అదే బడుల్లో ఒక పెద్ద లోపం కూడా ఉండేది: పిల్లవాడు చదివినదానికి అర్థం తెలుసుకోవడం చాలా అరుదు. మంచి పద్ధతి, అర్థం లేని పాఠం పక్కపక్కనే ఎలా ఉన్నాయో, వాటిని విడదీయడానికి ఎంత కాలం పట్టిందో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

2. మన్రో విచారణ, బళ్లారి నివేదిక

థామస్ మన్రో 1820 నుంచి 1827 వరకు మద్రాసు గవర్నరు. అంతకు ముందు దత్తమండలాల కలెక్టరుగా పనిచేసి, రైతుల స్థితిగతులు దగ్గరగా చూసినవాడు. దేశంలోని చదువు గురించి ఎవరికి తోచినట్లు వారు మాట్లాడుతున్నారే గాని, సరైన లెక్క ఎవరి దగ్గరా లేదని ఆయన గమనించాడు. 1822 జూన్ 25న ఒక మినిట్ రాసి, ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నాయి, ఎందరు పిల్లలు చదువుతున్నారు, వారు ఏ కులాలవారు, ఏ పుస్తకాలు చదువుతున్నారు అనే వివరాలు పంపమని కలెక్టర్లను కోరాడు.

జిల్లాల నుంచి సమాధానాలు రావడానికి రెండున్నరేళ్లకు పైగా పట్టింది. వాటన్నిటినీ క్రోడీకరించి 1826 మార్చి 10న మన్రో మరో మినిట్ రాశాడు. దాని ప్రకారం మద్రాసు ప్రెసిడెన్సీ జనాభా 1,28,50,941, బడులు 12,498, వాటిలో చదివే పిల్లలు 1,88,650 మంది. అంటే సుమారు వెయ్యి మందికి ఒక బడి. ఇళ్లలో చదువుకొనే పిల్లలను కూడా కలిపితే, బడి ఈడు మగపిల్లల్లో దాదాపు మూడోవంతు మందికి ఏదో ఒక చదువు అందుతున్నదని ఆయన అంచనా వేశాడు.

చాలామంది కలెక్టర్లు అంకెలు నింపి పంపి ఊరుకున్నారు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ మాత్రం 1823 ఆగస్టు 17న వివరమైన నివేదిక రాశాడు. ఈయన తెలుగు నేర్చినవాడు. 1816లో ఆంగ్లంలో తెలుగు వ్యాకరణం ప్రచురించినవాడు. అప్పటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా ఉండేది. కాబట్టి ఆ నివేదిక తెలుగు బడుల చరిత్రకు ముఖ్యమైన ఆధారం. జిల్లాలో మొత్తం 533 బడులు, 6,641 మంది పిల్లలు. బడుల్లో కన్నడానివి 235, తెలుగువి 226. మిగిలినవి మరాఠీ, పారశీకం, సంస్కృతం, తమిళం, ఇంగ్లీషు బడులు.

ఈ అంకెలను ఒకసారి భాగించి చూడండి. బళ్లారిలో సగటున ఒక బడికి 12 మంది పిల్లలు. ప్రెసిడెన్సీ మొత్తం మీద ఒక బడికి 15 మంది. ఈ చిన్న సంఖ్యను గుర్తుంచుకోండి. తరవాత జరిగిన కథకు ఇదే కీలకం.

3. వీధిబడిలో బోధన తీరు

బడి ఉదయం ఆరు గంటలకు మొదలయ్యేది. అయిదో ఏట పిల్లవాణ్ణి బడిలో వేసేవారు. గుడి మండపమో, ఇంటి అరుగో, చెట్టు నీడో బడికి చాలు. బడి ఒకటే, అయ్యవారు ఒకరే. అయినా పిల్లలందరికీ ఒకే పాఠం చెప్పేవారు కారు. వారి తెలివితేటలను, చదువును బట్టి సాధారణంగా నాలుగు జట్లుగా విభజించేవారు. కింది జట్లను కొంత మేరకు పెద్ద పిల్లలకు అప్పగించేవారు. పై జట్టుకు అయ్యవారు స్వయంగా చెబుతూనే, బడి అంతటి మీదా ఒక కన్ను వేసి ఉంచేవారు. ఒక జట్టు నుంచి పై జట్టుకు వెళ్లడానికి వయసు గాని, ఏడాది ముగియడం గాని ప్రమాణం కాదు. వచ్చిన చదువే ప్రమాణం.

అక్షరాభ్యాసం విషయంలో క్యాంబెల్ ఒక విశేషం గమనించాడు. ఐరోపాలో పిల్లలు ముందు అక్షరాల పేర్లు వల్లిస్తారు. ఇక్కడ పిల్లవాడు ఇసుకలో వేలితో దిద్దుతూ అక్షరం నేర్చుకుంటాడు. చెయ్యి తిరిగాక తాటాకు మీద గంటంతోనో, కాగితం మీద కలంతోనో రాసే అర్హత వస్తుంది. బొగ్గుపొడి పూసిన చెక్క పలకలు, గంజి పెట్టి మడతలుగా కుట్టిన గుడ్డకు నల్లని పూత పూసి తయారుచేసిన కడితాలు కూడా వాడేవారు. వాటి మీద బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ రాసుకొనేవారు. తప్పు రాస్తే చెరిపేయడం సులువు. ఖర్చు దాదాపు లేదు. ఇసుకలో రాయడం ఎంత పాత అలవాటో తెలుసుకోవడానికి మరో ఆధారం ఉంది. పియెత్రో దెల్లా వల్లే అనే ఇటలీ యాత్రికుడు 1623లో కన్నడ దేశంలోని ఇక్కేరిలో, నలుగురు బాలురు గుడి దగ్గర నేల మీద పరచిన ఇసుకలో వేలితో రాస్తూ, రాగయుక్తంగా చదువుతూ, గురువు దగ్గర లేకుండానే లెక్కలు నేర్చుకోవడం చూసి రాశాడు.

ఇంకొక పద్ధతి కూడా మనం గుర్తించదగినది. అయ్యవారు రకరకాల చేతిరాతల్లో ఉన్న నిజమైన ఉత్తరాలు, కాగితాలు ఊళ్లో సేకరించి తెచ్చి, పిల్లల చేత చదివించేవారు. ఉత్తరం రాయడం, ఒప్పందపత్రం రాయడం నేర్పేవారు. ఎక్కాలు, కూడికలు, తీసివేతలు అయ్యాక డబ్బు, తూకం, కొలతల లెక్కలు వచ్చేవి. రేపు ఊళ్లో బతకడానికి ఏది కావాలో అది బడిలోకి వచ్చేది. నేటి భాషలో చెప్పాలంటే, ఇవి పరిసరాల నుంచి సేకరించిన బోధనోపకరణాలు.

4. ఎగ్మూరు నుంచి ఇంగ్లండుకు

మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర కోసం 1789లో ఒక ఆశ్రమ పాఠశాల ఏర్పడింది. దానికి పర్యవేక్షకుడుగా ఉన్న స్కాట్లండు దేశస్థుడు ఆండ్రూ బెల్, ఒకనాడు స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో వేలితో రాయడం చూశాడు. తన బడిలోనూ అలాగే నేర్పమని కింది ఉపాధ్యాయులను కోరితే వారు ఇష్టపడలేదు. అప్పుడు ఆయన ఆ పనిని జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల విద్యార్థికి అప్పగించాడు. పెద్దవారు కాదన్న పనిని ఆ పిల్లవాడు చక్కగా నెరవేర్చాడు. అక్కడి నుంచి బడి మొత్తాన్నీ ఆ పద్ధతిలోకి మార్చి, 1796లో బెల్ స్వదేశం వెళ్లాడు. మరుసటి ఏడాది తన ప్రయోగాన్ని లండన్‌లో పుస్తకంగా ప్రచురించాడు. దానికే ‘మద్రాసు పద్ధతి’ అని పేరు వచ్చింది. బెల్ జన్మస్థలమైన సెయింట్ ఆండ్రూస్‌లో ఆయన ధనంతో వెలసిన పాఠశాలకు ఈనాటికీ మద్రాస్ కాలేజ్ అనే పేరు.

1798లో లండన్‌లో బడి తెరిచిన జోసెఫ్ లాంకస్టర్ ఇటువంటి పద్ధతినే మరింత పెద్ద ఎత్తున నడిపాడు. ఒక్క గురువు, విద్యార్థి నాయకుల సాయంతో వందలాది మందికి, వెయ్యి మందికైనా చదువు చెప్పగలడని ప్రచారం చేశాడు. 1811లో ఆంగ్లికన్ చర్చికి చెందిన నేషనల్ సొసైటీ బెల్ పద్ధతిని చేపట్టింది. కర్మాగారాల చుట్టూ పేదల పిల్లలు కిక్కిరిసిన కాలమది. తక్కువ ఖర్చుతో ఎక్కువ మందికి చదువు అనే ఆలోచన ప్రభుత్వానికీ, దాతలకూ నచ్చింది.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. 12 నుంచి 15 మంది ఉన్న బడిలో పుట్టిన పద్ధతిని వందల మంది కూర్చున్న పెద్ద హాలులో పెట్టారు. మన బడిలో పెద్ద పిల్లవాడు చిన్నవాడికి చెబుతుంటే అయ్యవారు పక్కనే కూర్చుని వినేవారు. లండన్ హాలులో గురువు చూపు చివరి వరుస దాకా పోలేదు. ఆ లోటు పూరించడానికి ఆజ్ఞలు, గంటలు, వరుసలు, బిళ్లలు వచ్చాయి. విద్యార్థి నాయకుడు తనకు అప్పుడే నేర్పిన ముక్కను వరుసకు వల్లె వేయించేవాడు. ఎవరైనా ప్రశ్న వేస్తే అతని దగ్గర జవాబు ఉండేది కాదు. 1846లో ఇంగ్లండు ఈ పద్ధతి నుంచి తప్పుకోవడం మొదలుపెట్టి, వేతనంతో అయిదేళ్లు శిక్షణ పొందే విద్యార్థి-ఉపాధ్యాయుల విధానాన్ని తెచ్చింది. శిక్షణ పొందిన ఉపాధ్యాయునికి బదులుగా పిల్లవాణ్ణి నిలబెట్టలేమన్న సంగతి అర్ధశతాబ్ది అనుభవంతో తేలింది.

కాబట్టి ఈ పద్ధతి మనదని గర్వపడటంతో సరిపెట్టుకోకూడదు. ఏ పరిస్థితుల్లో అది పనిచేసిందో, ఏ పరిస్థితుల్లో విఫలమైందో తెలుసుకోవడం ఉపాధ్యాయునికి మరింత అవసరం.

5. వీధిబడి లోపాలు

పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెబుతూ తమ చదువును కూడా గట్టిపరచుకొనే తీరును క్యాంబెల్ మనసారా మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దాన్ని అనుకరించడం సముచితమే అన్నాడు. అదే చోట బడుల లోపాలను కూడా స్పష్టంగా రాశాడు. మొదటిది, చదివే పుస్తకాల స్వభావం. రెండోది, సమర్థులైన ఉపాధ్యాయుల కొరత.

పిల్లలు రామాయణ భారత భాగవతాల పద్యాలు కంఠస్థం చేసేవారు. పద్యాల భాష వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు. లిపి మాత్రం ఒకటే. అందువల్ల అక్షరాలు వచ్చిన పిల్లవాడు పద్యాన్ని తడబడకుండా చదవగలడు. కాని అర్థం చెప్పలేడు. అర్థం చెప్పగల అయ్యవార్లు కూడా కొద్దిమందే. ఎన్నో పద్యాలు నోటికి వచ్చిన పిల్లవాడు వాటి భావం విషయంలో చిలక కన్నా మెరుగు కాడన్నది ఆయన అభిప్రాయం. ఇక్కడ తోటివారి బోధన కూడా సాయపడలేదు. చెప్పేవాడికే అర్థం తెలియనప్పుడు వినేవాడికి అందేది శబ్దమే కదా.

మూడో లోపం శిక్షలు. బడికి మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసి గౌరవించేవారు. రెండో వాడికి సున్న. మూడో వాడికి ఒక దెబ్బ, నాలుగో వాడికి రెండు, ఆ తరవాత వచ్చేవారికి ఒక్కొక్కటి చొప్పున పెరిగేవి. కోదండం వేయడం, గుంజిళ్లు తీయించడం ఉండేవి. ఇంటి పనుల వల్ల ఆలస్యంగా వచ్చే పిల్లవాడికి రోజూ దెబ్బలే మిగులుతాయి. అలాంటివాడు బడి మానేస్తే ఆశ్చర్యపోనక్కరలేదు.

నాలుగోది, బడి బయట ఉన్నవారి సంగతి. బళ్లారి జిల్లాలోని 6,641 మందిలో ఆడపిల్లలు కేవలం 60 మంది. అంటరానివారుగా చూడబడిన కులాల పిల్లలకు అయ్యవారి అరుగు మీద చోటు లేదు. 1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల ప్రారంభించడం, 1910 నుంచి భాగ్యరెడ్డివర్మ హైదరాబాదులో దళిత బాలల కోసం బడులు నెలకొల్పడం ఈ లోటును తీర్చే ప్రయత్నాలే. వీధిబడి బోధన ఎంత చక్కనిదైనా, ఎవరికి అందింది అనే ప్రశ్న వేయకుండా దాన్ని అంచనా వేయలేం.

బడుల క్షీణతకు కారణం కూడా క్యాంబెల్ దాచలేదు. ఇంగ్లండు బట్టలు వచ్చి ఇక్కడి నేతపని దెబ్బతిన్నదనీ, దేశం పేదదైపోతున్నదనీ, లోగడ బడులున్న అనేక గ్రామాల్లో ఇప్పుడు లేవనీ రాశాడు. మన్రో కూడా మామూలు అయ్యవారి సంపాదన నెలకు ఆరేడు రూపాయలకు మించదనీ, ఆ రాబడికి సమర్థులు రారనీ గుర్తించాడు. జిల్లా బడి ఉపాధ్యాయునికి నెలకు 15 రూపాయలు, తాలూకా బడి ఉపాధ్యాయునికి 9 రూపాయలు ఇవ్వాలనీ, ఉపాధ్యాయులను తయారుచేసే బడి మద్రాసులో ఉండాలనీ ప్రతిపాదించాడు. 1827లో ఆయన కన్నుమూశాడు. కొద్దికాలం నడిచిన ఆ బడులు 1836లో మూతపడ్డాయి.

6. అర్థమయ్యే భాష కోసం

క్యాంబెల్ ఎత్తి చూపిన లోపం అచ్చు పుస్తకాలు వచ్చాక కూడా పోలేదు. పద్యం స్థానంలో గ్రాంథిక వచనం వచ్చింది. పిల్లవాడి నోటి మాటకూ, పుస్తకం మాటకూ దూరం అలాగే ఉండిపోయింది.

20వ శతాబ్ది తొలి దశకంలో ఉత్తర కోస్తా పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్సు తెలుగు నేర్చుకుంటూ, ప్రజలు మాట్లాడే తెలుగుకూ, బడి పుస్తకాల తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తిని ఆలోచింపజేసింది. విశాఖపట్నంలో కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ అప్పారావు ఆయనకు తోడయ్యారు. వ్యావహారిక భాషోద్యమాన్ని మనం సాహిత్య చరిత్రలో చదువుతాం. కాని అది మొదలైంది బడిలో, పాఠం పిల్లవాడికి అర్థం కావడం లేదన్న ఉపాధ్యాయుల ఆవేదన నుంచి. రామమూర్తి అంతకు ముందే సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికి వాచకాలు రాసిన మనిషి. ఇంటి భాషలో చెబితేనే పిల్లవాడికి చదువు అందుతుందన్నది ఆయనకు అనుభవంలో తేలిన సత్యం.

నిజాం రాష్ట్రంలో ఇదే సమస్య మరో రూపంలో ఉండేది. అక్కడ తెలుగు పిల్లలకు బడి భాష ఉర్దూ. ప్రాథమిక విద్య మాతృభాషలో ఉండాలని ఆంధ్ర మహాసభ కోరడం వెనక ఉన్నదీ ఇదే: అక్షరం వచ్చినంత మాత్రాన చదువు రాదు.

7. మళ్లీ మన బడికి

1980వ దశకంలో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం అమలైంది. అది ఉపాధ్యాయుల ముందు ఆరు బోధన సూత్రాలు ఉంచింది: ఉపాధ్యాయుడే కృత్యాలు రూపొందించడం, చేయడం, ప్రయోగాల ద్వారా నేర్పడం, వ్యక్తిగత, బృంద, పూర్తి తరగతి పనులు కల్పించడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, స్థానిక పరిసరాలను వినియోగించడం, పిల్లల పనులను ప్రదర్శించి తరగతిని ఆకర్షణీయం చేయడం. జట్లుగా కూర్చోబెట్టడం, తెలివిని బట్టి పాఠం చెప్పడం, ఊరి కాగితాలు బడికి తేవడం ఇదివరకు మనం వీధిబడిలో చూసినవే. సుమారు రెండు వందల ఏళ్ల కిందట మద్రాసు నుంచి ఓడెక్కిన ఆలోచన, ఇలా మరో పేరుతో తిరిగి వచ్చింది.

అదే కాలంలో మదనపల్లె సమీపంలోని ఋషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం ఏకోపాధ్యాయ బడుల కోసం ఒక విధానం రూపొందించింది. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, అవి ఏ క్రమంలో నేర్వాలో చూపే నిచ్చెన పటాన్ని గోడకు తగిలించారు. పిల్లలు కొందరు ఉపాధ్యాయుని సాయంతో, కొందరు తోటివారి సాయంతో, కొందరు సొంతంగా నేర్చుకుంటారు. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో ఉపాధ్యాయునికి ఎప్పుడూ తెలుస్తూ ఉంటుంది. 2003 ప్రాంతంలో చెన్నై నగరపాలక పాఠశాలలు ఈ నమూనా ఆధారంగా కృత్యాధార బోధన ప్రారంభించాయి. ఇక్కడ పద్ధతితో పాటు గురువు చూపు కూడా నిలిచింది. లండన్ హాలుకూ, దీనికీ తేడా అదే.

8. తరగతి గదికి అన్వయం

ఒక ఉదాహరణ తీసుకుందాం. మూడో తరగతిలో 43 నుంచి 27 తీసివేయమంటే ఒక పాప 24 అని రాసింది. ఏడులోంచి మూడు, నాలుగులోంచి రెండు తీసేసింది. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీయాలని ఆమె అనుకుంటోంది. లెక్క వచ్చిన మరో బాలుణ్ణి ఆమె పక్కన కూర్చోబెట్టాం. అతను చకచకా చేసి 16 అని చూపిస్తాడు. పాప దాన్ని పలక మీద ఎక్కించుకుంటుంది. జవాబు సరైనదే, చదువు మాత్రం జరగలేదు.

అదే బాలుడికి పుల్లల కట్టలు ఇచ్చి, జవాబు చెప్పవద్దనీ, కట్టలతో చేయించమనీ చెబితే పరిస్థితి మారుతుంది. నాలుగు పదుల కట్టలు, మూడు విడి పుల్లలు. ఏడు తీయాలంటే ఒక కట్ట విప్పక తప్పదు. పది నిమిషాల తరవాత ఉపాధ్యాయుడు వచ్చి ప్రశ్న అడగవలసింది ఆ బాలుణ్ణి కాదు, పాపను: “కట్ట ఎందుకు విప్పావమ్మా?” ఆమె తన మాటల్లో చెప్పగలిగితే పాఠం అయినట్లు. నేర్పినవాడి పనిని నేర్చుకున్నవారి మాటల్లో పరీక్షించడమే గురువు చూపు.

దీని నుంచి మరికొన్ని విషయాలు తేలుతాయి. ఎప్పుడూ ఒకే పిల్లవాడు నేర్పేవాడుగా ఉండకూడదు. లెక్కల్లో వెనకబడినవాడు బొమ్మలు వేయడంలో, చెట్ల పేర్లు చెప్పడంలో ముందుండవచ్చు. అప్పుడు అతనే గురువు. తరగతి నాయకుణ్ణి మాట్లాడినవారి పేర్లు బోర్డు మీద రాసే పోలీసుగా మార్చకూడదు. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. ఉపాధ్యాయుడు చేయకూడని పనిని నాయకుడి చేత చేయించడం కూడా తప్పే. రేషను కార్డు, కిరాణా చీటీ, బస్సు టికెట్టు, విత్తనాల సంచి మీది అచ్చు ఇవన్నీ నేటి వీధిబడి ఉత్తరాలు, వాటిని చదివించండి. మీ తరగతిలో గోండి, కోయ, సవర, లంబాడీ మాట్లాడే పిల్లలుంటే, రెండు భాషలూ వచ్చిన తోటి బాలుడే మీకు, వారికి మధ్య మొదటి వంతెన. జాతీయ విద్యావిధానం 2020 కూడా తోటివారి బోధనను శిక్షణ పొందిన ఉపాధ్యాయుల పర్యవేక్షణలో, పిల్లల ఇష్టంతో సాగించాలని సూచించింది. ఈ షరతు ఎందుకు పెట్టారో ఈ పాఠం చదివిన మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక చివరి హెచ్చరిక. ఉపాధ్యాయ పోస్టులు ఖాళీగా ఉన్న బడిలో పెద్ద పిల్లల చేత చదువు చెప్పించి, బడి నడుస్తున్నదని కాగితం మీద చూపడం తేలిక. ఇంగ్లండులో జరిగిందీ అదే. తోటివారి బోధన మంచి ఉపాధ్యాయుని చేతిలో పనిముట్టు. ఉపాధ్యాయుడు లేని లోటుకు అది మందు కాదు.

సారాంశం

19వ శతాబ్ది ఆరంభంలో తెలుగు వీధిబడి చిన్నది. అందులో పిల్లలు తమ చదువును బట్టి జట్లుగా ఉండి, ఒకరికొకరు నేర్పుకొనేవారు. అయ్యవారి దృష్టి అందరి మీదా ఉండేది. ఆ పద్ధతి మద్రాసు నుంచి ఇంగ్లండుకు వెళ్లి, గురువు పర్యవేక్షణ కోల్పోయి యాంత్రికమైంది. ఇక్కడి బడిలో పద్ధతి బాగున్నా, పాఠానికి అర్థం కరవైంది. ఆడపిల్లలు, దళితులు దూరంగా ఉండిపోయారు. అర్థమయ్యే భాష కోసం, అందరికీ చదువు కోసం జరిగిన కృషి ఆ లోపాలను సరిదిద్దే ప్రయత్నం. గురువు దృష్టి, పాఠానికి అర్థం, అందరికీ చోటు – ఈ మూడూ ఉన్నప్పుడే తోటివారి బోధన ఫలిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బళ్లారి నివేదిక ఆధారంగా వీధిబడిలోని బోధన తీరును వివరించండి.
2. ‘మద్రాసు పద్ధతి’ ఇంగ్లండులో యాంత్రికం కావడానికి కారణాలేమిటి?
3. వ్యావహారిక భాషోద్యమానికీ, తరగతి గది బోధనకూ ఉన్న సంబంధాన్ని చర్చించండి.
4. మీ తరగతిలోని ఒక పాఠ్యాంశాన్ని తీసుకుని, తోటివారి బోధన ద్వారా నేర్పే ప్రణాళిక రాయండి. నేర్చుకున్న పిల్లలకు అర్థమైందో లేదో తెలుసుకోవడానికి మీరు అడగబోయే మూడు ప్రశ్నలను అందులో చేర్చండి.